ముప్ఫై ఎనిమిది మందికి

హోటలువాడు తలకింతని చెప్పాడు.
జెనోన్ కళ్లజోడు తీసి, తుడిచి,
మళ్లీ పెట్టుకుని చూశాడు. అదే అంకె.
"ఇంట్లోనే చేద్దాం" అన్నాను.
నోరు జారాను. ఆ తర్వాత ఆరు రోజులు
ఇంట్లో ఎక్కడ కాలు పెట్టినా పిండి.

ముప్ఫై ఎనిమిది మంది. తలకు ఎనిమిది పియెరోగీలు.
మూడు వందల నాలుగు.
లోపల బంగాళాదుంప, పుల్లటి పనీరు, ఎర్రగా వేగిన ఉల్లి.
అంచులు నొక్కీ నొక్కీ
బొటనవేలి గీతలు అరిగిపోయాయి.
రేపు బ్యాంకువాళ్లు వేలిముద్ర అడిగితే
ఒక పియెరోగీ పంపిస్తే సరి.

వూచ్ పట్టణంలో ఫిబ్రవరి. మాది నాలుగో అంతస్తు.
ఫ్రిజ్‌లో చోటు చాలకపోతే బాల్కనీయే ఫ్రిజ్.
పళ్లాలు పేర్చి పాత పేపర్లు కప్పాను.
తెల్లారి చూస్తే ఒక కాకి
వాతావరణం పేజీ చించుకుని
మూడు ఎత్తుకుపోయింది.
మూడు వందల ఒకటి.

స్నానాల తొట్టిలో మంచు, మంచులో సీసాలు.
రెండు రోజులు మేం వంటింటి సింకు దగ్గర
పిల్లుల్లా మొహాలు కడుక్కున్నాం.
ఇస్త్రీ బల్ల మీద దుప్పటి పరిస్తే వడ్డన బల్ల.
కుర్చీలు మూడు అంతస్తుల నుంచి వచ్చాయి,
ప్రతిదాని అడుగునా ప్లాస్టరు ముక్క, దాని మీద ఇంటివాళ్ల పేరు.
వియెస్వావా ఇచ్చిన వాటిలో ఒకటి కుంటిది.
"ఇది మీ ఆడపడుచుకి వెయ్యి" అంది, నవ్వకుండా.

మా పెళ్లి కూపన్ల కాలంలో.
మాంసానికి కూపను, పంచదారకి కూపను.
రెండు వైపులవాళ్లూ మూడు నెలలు నోరు కట్టుకుని
ఒక పంది తొడ సంపాదించారు.
ఫైర్ స్టేషన్ హాల్లో బంతి వేశారు.
తెల్లగౌను మీద మరక పడుతుందని
అమ్మ నన్ను ముద్ద ముట్టనివ్వలేదు.
నలభై ఏళ్లయింది,
నా పెళ్లి భోజనం రుచి నాకు తెలీదు.
బాగుందని మాత్రం అందరూ చెప్పారు.

ఆరింటికి మెట్ల మీద బూట్ల చప్పుడు.
మంచం మీద కోట్ల గుట్ట,
దాని పక్కన ఎవరి పసివాడో నిద్ర.
నేను గరిటె వదల్లేదు.
మరిగితే వెయ్యి, తేలితే తియ్యి,
వెన్న, ఉల్లి, తలుపు సందులోంచి పళ్లెం.
ఆ సందులోంచే కనబడ్డారు నా చుట్టాలు:
ఒక మోచెయ్యి, ఒక బట్టతల, సగం నవ్వు.
బీట్‌రూట్ చారులో పులుపు సరిపోయిందో లేదో
వాళ్ల కనుబొమల్లో చదువుకున్నాను.

అప్పుడు హాల్లోంచి కేక.
"చేదు!"
ఇంకో గొంతు. "చేదు! చేదు!"
నా గుండె మరిగే గిన్నెలో పడింది.
పుట్టగొడుగుల కూర అడుగంటిందా?
ఉల్లి మాడిందా?
గరిటె ముంచి నాలిక కాల్చుకున్నాను. బాగానే ఉంది.
ఇంకోసారి చూశాను. బాగానే ఉందే!
స్పూన్లతో గ్లాసులు వాయిస్తున్నారు, "చేదు! చేదు!"

వంటమనిషి చెవులు ముందు విన్నాయి,
పెళ్లికూతురి చెవులు తర్వాత తెరుచుకున్నాయి.
మా పెళ్లిళ్లలో అలాగే అరుస్తారు, గ్లాసులో మందు చేదని,
ఆలుమగలు ముద్దు పెట్టుకుంటే గాని
తీపెక్కదని.

జెనోన్ వంటింట్లోకి వచ్చాడు.
టై మీద మయొనీస్.
"నిన్ను పిలుస్తున్నారు."
"నీళ్లలో ఇంకా నలభై రెండున్నాయి" అన్నాను.
చెయ్యి చాపి స్టవ్ కట్టేశాడు.
ముప్ఫై ఏళ్లు ట్రామ్ నడిపిన చెయ్యి.
ఆపడం దానికి వచ్చు.

అతని నల్ల కోటు వీపు మీద
నా రెండు అరచేతుల పిండి
రాత్రంతా అలాగే ఉంది. ఎవరూ చెప్పలేదు అతనికి.

అర్ధరాత్రి దాటాక చూస్తే పళ్లాలు ఖాళీ.
ఆ ముప్ఫై ఎనిమిది మందిలో
మేమిద్దరం లేమని అప్పుడు తట్టింది.
ఉడుకుతుంటే విచ్చుకుపోయినవి
ఒక గిన్నెలో పక్కన పెట్టాను, పదకొండు.
సింకుకి ఆనుకుని, కడిగిన ఒకే ఒక ఫోర్కుతో తిన్నాం.
"ఉప్పు తక్కువైంది" అన్నాడు.
నిజమే.
ముప్ఫై ఎనిమిది మందిలో ఒక్కరూ అనలేదు ఆ మాట.

రేపు కుర్చీలు తిరిగివ్వాలి.
వియెస్వావాది కాలు విరిగింది.
మా ఆడపడుచు దాని మీదే కూచుంది.